గాయపడిన సైనికులకు, పోలీసులకు ప్రవాసుల విరాళాలు: ఏ మార్గం ఎంచుకోవాలి?

పరాయి దేశంలో ఉంటున్న కొద్దిమంది కలిసి, విధి నిర్వహణలో గాయపడిన సైనికులకో పోలీసులకో ఆర్థిక సాయం అందించాలని అనుకున్నప్పుడు, సమావేశంలో మొదట చర్చకు వచ్చేవి విందు తేదీ, హాలు అద్దె, టికెట్టు ధర. వసూలైన డబ్బు ఎక్కడికి చేరాలన్న విషయం చివర్లో, ఎవరో తమకు తెలిసిన ఒక సంస్థ పేరు చెప్పగానే తేలిపోతుంది. ఈ వరుసను పూర్తిగా తిరగవేసుకోవడం మంచిది. సాయం ఎవరికి, వారి ఏ అవసరానికి అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ తరువాత డబ్బు వసూలు చేసే దేశపు చట్టాన్నీ, డబ్బు అందుకునే దేశపు చట్టాన్నీ చూసుకోవాలి. విందు పెట్టాలా, పరుగు పందెం పెట్టాలా అన్న సంగతి వీటన్నిటి తరువాత వస్తుంది. అలా చేస్తే, మొదట బాగా కనిపించిన మార్గాల్లో సగం వాటంతట అవే పక్కకు తప్పుకొంటాయి.

సాయం పొందవలసినవారు స్వదేశపు బలగాల వారా, తాము నివసిస్తున్న దేశపు బలగాల వారా అన్నది తొలి ప్రశ్న. రెండూ సమంజసమే గాని, పని తీరు వేరు. థాయిలాండ్‌లో ఉంటున్న విదేశీయులు, ఆ దేశపు దక్షిణ కొసన యాలా, పట్టాని, నరాతివాత్ రాష్ట్రాల్లో 2004 నుంచి సాగుతున్న హింసలో గాయపడిన సైనికులకు, పోలీసులకు సాయం చేయదలిస్తే డబ్బు సరిహద్దు దాటనక్కర లేదు, మారకపు నష్టం ఉండదు, ఆసుపత్రికి స్వయంగా వెళ్లి చూడవచ్చు. అయితే విదేశీయులు బహిరంగంగా చందాలు వసూలు చేయడంపై ఆ దేశం పెట్టిన ఆంక్షలన్నీ వర్తిస్తాయి. స్వదేశపు సైనికులకు పంపేవారికి భాష, వ్యవస్థ తెలిసినవే కావచ్చు గాని, డబ్బు రెండు దేశాల నిబంధనల మధ్య నుంచి నడవాలి. అనుభవం లేని చిన్న బృందానికి మొదటి ప్రయత్నంగా, స్థానిక చట్టం అనుమతిస్తే, తాము ఉంటున్న దేశంలోని ఆసుపత్రినో పునరావాస కేంద్రాన్నో ఎంచుకోవడమే తేలిక.

నిధి పేరును బట్టి దాని పరిధిని ఊహించరాదు

సైనికుల పేరు మీద ఉన్న నిధులన్నీ గాయపడినవారికి ఉపయోగపడతాయని అనుకోవడం సహజం. వాస్తవంలో చాలా నిధుల ప్రధాన ఉద్దేశం మరణించినవారి కుటుంబాలను ఆదుకోవడం. భారతదేశంలో 2017 ఏప్రిల్‌లో మొదలైన ‘భారత్ కే వీర్’ దీనికి మంచి ఉదాహరణ. అందులో దాత, అమరుడైన జవాను కుటుంబ సభ్యుల ఖాతాకు నేరుగా పంపవచ్చు, ఒక్కో ఖాతాకు గరిష్ఠ పరిమితి 15 లక్షల రూపాయలు. లేదా ఉమ్మడి నిధికి ఇవ్వవచ్చు. పథకం ఉద్దేశం ఉన్నతమైనదే, నిర్వహణ సూటిగానే ఉంటుంది. అయినా కాలు పోగొట్టుకుని బతికి బయటపడిన జవానుకు కృత్రిమ కాలు సమకూర్చాలన్న సంకల్పంతో ఉన్న బృందానికి అది సరైన చోటు కాదు. పైగా అది కేంద్ర సాయుధ పోలీసు బలగాలను దృష్టిలో పెట్టుకుని రూపొందింది, పోలీసు అన్న మాట వినగానే మనకు గుర్తొచ్చే స్టేషను కానిస్టేబులును దృష్టిలో పెట్టుకుని కాదు.

సైనికులనూ పోలీసులనూ ఒకే గాటన కట్టడంలో ఇబ్బంది ఇక్కడే ఉంది. దాదాపు ప్రతి దేశంలోనూ సైన్యం ఒక మంత్రిత్వ శాఖ కిందా, పోలీసులు మరొక శాఖ కిందా ఉంటారు. సైనికులకు సొంత ఆసుపత్రులు, సొంత సంక్షేమ మండళ్లు, దశాబ్దాల చరిత్ర ఉన్న స్వచ్ఛంద సంస్థలు ఉంటాయి. పోలీసులకు ఉండేవి తక్కువ. బ్రిటన్‌లో రాయల్ బ్రిటిష్ లీజియన్ 1921 నుంచీ, అవయవాలు కోల్పోయిన మాజీ సైనికుల సంస్థ బ్లెస్మా 1932 నుంచీ పనిచేస్తున్నాయి, హెల్ప్ ఫర్ హీరోస్ 2007లో వచ్చింది. గాయపడిన పోలీసులకు మాత్రం హారోగేట్, ఆక్టరార్డర్, గోరింగ్ పట్టణాల్లోని చికిత్సా కేంద్రాలే ప్రధాన ఆధారం. వాటి ఖర్చులో పెద్ద వాటా పోలీసులు తమ జీతాల నుంచి నెలనెలా ఇచ్చుకునే చందాల నుంచే వస్తుంది. కరపత్రం మీద ‘సైనికులకు, పోలీసులకు’ అని అచ్చువేసి, వసూలైన డబ్బంతా సైనికుల సంస్థకే పంపితే అది దాతలకు ఇచ్చిన మాట తప్పడమే. ఆ సంస్థ నియమావళి అనుమతించదు గనుక, పోలీసులకు పంచిపెట్టమని కోరినా అది పంచలేదు. ఇద్దరికీ ఇవ్వదలిస్తే ఇద్దరు గ్రహీతలను ఎంచుకుని, వాటాలు ముందే ప్రకటించడం మంచి పద్ధతి.

అవసరం ఏ దశలో ఎక్కువ

పేలుడులోనో కాల్పుల్లోనో గాయపడిన మనిషికి తొలి వారాల్లో అత్యవసర శస్త్రచికిత్సలు జరుగుతాయి. ఆ ఖర్చును ఎక్కువ దేశాల్లో ప్రభుత్వమే భరిస్తుంది, వార్తల్లో కనిపించేదీ ఆ దశే, విరాళాలు వెల్లువెత్తేదీ అప్పుడే. ఆ తరువాతి సంవత్సరాలు ఎవరి కంటా పడవు. పెద్దవాళ్లకు కృత్రిమ కాలు సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లకు ఒకసారి మార్చవలసి వస్తుందని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ చెబుతుంది. అంటే పాతికేళ్ల వయసులో కాలు కోల్పోయిన సైనికుడికి జీవితకాలంలో ఒకటి కాదు, పది లేదా అంతకన్నా ఎక్కువే కావలసి రావచ్చు. వెన్నెముక దెబ్బతిన్నవారికి ఒకేచోట ఒత్తిడి పడడం వల్ల వచ్చే పుండ్లు, మూత్రకోశ ఇన్ఫెక్షన్లు జీవితాంతం పొంచి ఉంటాయి. తలకు దెబ్బ తగిలినవారి మతిమరుపు, కోపం, నిద్రలేమి భారాన్ని మోసేది కుటుంబమే. ఇంటికి ర్యాంపు, స్నానాలగది మార్పులు, కొత్త వృత్తి శిక్షణ, దూరపు ఆసుపత్రికి వెళ్లే భార్య ప్రయాణ ఖర్చు వంటివి ప్రభుత్వ పద్దుల్లో చోటు దొరకని ఖర్చులు. ప్రవాస బృందం సేకరించగల మొత్తం సాధారణంగా చిన్నదే గనుక, అందరూ ఇస్తున్న తొలి దశలో అది కొట్టుకుపోతుంది, ఎవరూ ఇవ్వని ఈ రెండో దశలో గట్టిగా అక్కరకొస్తుంది. కింది మార్గాలను బేరీజు వేయడంలో నేను పాటించిన ప్రధాన కొలమానం ఇదే.

మార్గాల మధ్య తేడాలు

ప్రభుత్వ నిధి అన్నిటికన్నా సులువైనది. మోసానికి అవకాశం తక్కువ, పన్ను రాయితీ స్పష్టంగా ఉంటుంది, చిన్న మొత్తాన్నీ స్వీకరిస్తారు. భారతదేశంలో 1962లో ఏర్పడిన జాతీయ రక్షణ నిధి ప్రధానమంత్రి అధ్యక్షతన గల కమిటీ ఆధ్వర్యంలో నడుస్తుంది, పారామిలిటరీ బలగాల సంక్షేమం కూడా దాని పరిధిలో ఉంది. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిది మరొక తీరు, అది మాజీ సైనికులవైపు ఎక్కువగా మొగ్గుతుంది. ఇటువంటి నిధుల లోపం ఒక్కటే: ఇచ్చిన డబ్బు సముద్రంలో కలిసినట్టుగా ఉంటుంది, దానితో ఏం జరిగిందో దాతలకు చూపించలేము. ఒంటరిగా ఇచ్చే వ్యక్తికి ఇది లోపమే కాదు. ఏటేటా అదే దాతలను మళ్లీ కలవాల్సిన బృందానికి మాత్రం పెద్ద లోపమే.

యుద్ధంలో ఉన్న దేశపు నిధుల విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం. ఉక్రెయిన్ ప్రభుత్వం 2022 మేలో ప్రారంభించిన యునైటెడ్24 వేదికలో రక్షణకు, వైద్యానికి, పునర్నిర్మాణానికి వేర్వేరు ఖాతాలు ఉన్నాయి. గాయపడినవారికి సాయం చేయాలనుకునే దాత వైద్యం ఖాతాను ఎంచుకోవాలి. ఇది కేవలం మనస్సాక్షికి సంబంధించిన విషయం కాదు. ఇంగ్లండ్, వేల్స్ చట్టంలో బ్రిటిష్ రాజరిక బలగాల, పోలీసుల సామర్థ్యాన్ని పెంచడం ధర్మకార్యంగా గుర్తింపు పొందింది గాని, విదేశీ సైన్యానికి ఆ వెసులుబాటు లేదు. గాయపడిన విదేశీ సైనికుడికి వైద్యం అందించడం ధర్మకార్యమే, అదే సైనికుడి దళానికి యుద్ధ సామగ్రి కొనివ్వడం కాదు. ‘సైనికులకు సాయం’ అని గుండుగుత్తగా రాసిన కరపత్రం ఈ గీతను చెరిపేసి, బ్యాంకు నుంచి ప్రశ్నలు కొనితెస్తుంది.

పెద్ద స్వచ్ఛంద సంస్థల బలం వాటి యంత్రాంగం. సొంత సంఘం పెట్టుకునే ముందు, అప్పటికే ఆ ఊళ్లో శాఖ ఉందేమో చూడాలి. రాయల్ బ్రిటిష్ లీజియన్‌కూ అమెరికన్ లీజియన్‌కూ విదేశాల్లో శాఖలున్నాయి. వాటి ద్వారా పనిచేస్తే రసీదులు, ఆడిట్, అనుమతుల భారం చాలావరకు తప్పుతుంది. సంస్థ పెద్దదైనంత మాత్రాన పరిశీలన మానకూడదు. అమెరికాలో 2003లో మొదలై కోట్ల డాలర్ల స్థాయికి ఎదిగిన వూండెడ్ వారియర్ ప్రాజెక్టు ఖర్చులపై 2016లో పత్రికల్లో, టీవీలో కథనాలు వచ్చాక, దాని బోర్డు ఇద్దరు అత్యున్నత అధికారులను తొలగించింది. సంస్థ ఆ తరువాతా కొనసాగుతోంది. నిర్వహణ ఖర్చు ఎంత శాతం అన్న ఒక్క అంకెనే పట్టుకుని తీర్పు చెప్పడం కూడా సరి కాదు. ఫిజియోథెరపిస్టు జీతాన్ని ఒక సంస్థ నిర్వహణ ఖర్చులో చూపుతుంది, మరొకటి సేవా ఖర్చులో చూపుతుంది. వార్షిక నివేదికలో చూడవలసింది, నిరుడు ఎంతమంది క్షతగాత్రులకు ఏ రకమైన సేవ అందిందో లెక్క ఉందా లేదా అన్నది.

నా దృష్టిలో ఎక్కువ బృందాలకు సరిపోయేది మూడో మార్గం: ఒకే పని మీద దృష్టి పెట్టిన చికిత్సా, పునరావాస సంస్థ. పుణె సమీపంలోని ఖడ్కీలోనూ, మొహాలీలోనూ ఉన్న పారాప్లెజిక్ పునరావాస కేంద్రాలు నడుము కింది భాగం చచ్చుబడిన సైనికులకు ఏళ్ల తరబడి ఆశ్రయమిస్తాయి. ఖడ్కీలోనే ఉన్న క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మొదటి ప్రపంచ యుద్ధంలో అంగవికలురైన సైనికుల కోసం 1917లో పుట్టింది, వృత్తి శిక్షణ దాని పని. ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో 2023లో తెరిచిన సూపర్‌హ్యూమన్స్ కేంద్రం కృత్రిమ అవయవాలపై పనిచేస్తుంది. అమెరికాలో ఫిషర్ హౌస్ సంస్థ 1990 నుంచి సైనిక ఆసుపత్రుల పక్కన కుటుంబాలకు ఉచిత బస కల్పిస్తోంది. ఇటువంటి చోట అవసరం కళ్లకు కనిపిస్తుంది, ధర తెలుస్తుంది, పూర్తయిన పనిని దాతలకు చూపించవచ్చు. రోగి ఎవరన్నది కేంద్రం నిర్ణయిస్తుంది గనుక, ప్రచారం పొందిన ఒకే వ్యక్తికి అంతా పోయి పక్క మంచం మీది మనిషికి ఏమీ దక్కని అన్యాయం తప్పుతుంది. ఇబ్బందీ ఉంది: చిన్న సంస్థలకు విదేశీ విరాళాలు స్వీకరించే అనుమతి ఉండకపోవచ్చు, ఉత్తరాలకు జవాబు ఆలస్యం కావచ్చు. తొలి ఉత్తరానికే సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం, గత ఏడాది ఆడిట్ నివేదిక, ప్రస్తుత అవసరాల జాబితా అడిగితే వారి పనితీరు చాలావరకు తెలిసిపోతుంది.

వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్ క్రౌడ్‌ఫండింగ్ అన్నిటికన్నా వేగమైనది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. గోఫండ్‌మీ వంటి వేదికలు పరిమిత దేశాల బ్యాంకు ఖాతాలకే డబ్బు చెల్లిస్తాయి. గ్రహీత ఆ దేశాల్లో లేకుంటే మధ్యలో ఒక ప్రవాసి తన సొంత ఖాతాలోకి తీసుకుని పంపవలసి వస్తుంది, ఆ క్షణం నుంచి పన్ను, నమ్మకం, తగాదా అన్నీ అతని నెత్తిన పడతాయి. అమెరికాలో ఒక నిర్దిష్ట వ్యక్తికి ఇచ్చిన కానుకకు పన్ను మినహాయింపు ఉండదు. ప్రతి చెల్లింపుపైనా కార్డు రుసుము పోతుంది. గాయపడిన సైనికుడి ఫొటో, దళం పేరు, ఇంటి వివరాలు బహిరంగం కావడం అతని భద్రతకే ముప్పు కావచ్చు, పోలీసు అధికారి విషయంలో ఆ ముప్పు మరింత ఎక్కువ. కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకుని, బిల్లును ఆసుపత్రికే నేరుగా చెల్లించే ఏర్పాటు ఉన్నప్పుడు మాత్రమే ఈ మార్గం పనికొస్తుంది.

వస్తురూపంలో సాయం గురించి క్లుప్తంగా చెబితే చాలు: అడగనిది పంపవద్దు. కొలత సరిపోని వీల్‌చైర్ పుండ్లకు కారణమవుతుంది, మైక్రోప్రాసెసర్ ఉన్న ఖరీదైన కృత్రిమ మోకాలిని మరమ్మతు చేసేవారు దగ్గర్లో లేకపోతే అది అలమరలో పడి ఉంటుంది, కస్టమ్స్ సుంకం వస్తువు ధరను మించిన సందర్భాలూ ఉంటాయి.

వసూలు చేసే దేశం, అందుకునే దేశం

సంకల్పం ఎంత మంచిదైనా, అనుమతి లేకుండా చందా అడగడమే నేరమయ్యే దేశాలున్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2021 నాటి 3వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం అనుమతి పొందిన సంస్థలు తప్ప వ్యక్తులు విరాళాలు సేకరించరాదు. అంతకు ముందు 2015లోనే దుబాయ్ ఈ విషయంలో తన సొంత ఉత్తర్వు తెచ్చింది. విదేశీ సంస్థ ఒకటి నడిపిన విరాళాల పేజీని సోషల్ మీడియాలో పంచుకున్నందుకు 2016లో అక్కడ ఒక ప్రవాసిని నిర్బంధించారు. వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశం కూడా విరాళాల అభ్యర్థనే అవుతుందని అటువంటి దేశాల్లో ఉన్నవారు గుర్తుంచుకోవాలి. వారికి నా సలహా, సామూహిక వసూలు ఆలోచన మానుకుని, ఎవరికి వారు స్వదేశంలోని నిధికి తమ సొంత ఖాతా నుంచి పంపుకోవడం.

సింగపూర్‌లో విదేశీ ధర్మకార్యాలకు నిధులు సేకరించాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి, ప్రజల నుంచి బహిరంగంగా వసూలు చేసిన దానిలో 80 శాతం దేశం లోపలే ఉపయోగించాలన్నది సాధారణ నియమం. అక్కడ నివసిస్తున్నవారు విదేశీ సైనికుల కోసం బహిరంగ సేకరణకు దిగితే, చేతికి దక్కేది అయిదో వంతే కావచ్చు. థాయిలాండ్‌లో బహిరంగ చందాల వసూలును 1944 నాటి చట్టం నియంత్రిస్తుంది, విందుల్లో సరదాగా పెట్టే లాటరీ టికెట్లు 1935 నాటి జూద చట్టం కిందికి వస్తాయి. బ్రిటన్‌లో పరిస్థితి ఉదారంగా ఉంటుంది. అక్కడ పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకూ గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రభుత్వం 25 పెన్స్ కలుపుతుంది. కాని విదేశంలో ఉంటూ బ్రిటన్‌లో పన్ను కట్టని ప్రవాసికి ఆ సౌకర్యం లేదు, తప్పుగా డిక్లరేషన్ ఇస్తే ఆ మొత్తం దాత నుంచి వసూలవుతుంది. విందు టికెట్టు ధర కూడా విరాళం కింద లెక్కకు రాదు. అందుకే టికెట్టును భోజన ఖర్చుకు సరిపడా పెట్టి, విరాళాన్ని విడిగా, విడి రసీదుతో తీసుకోవడం మేలు.

అందుకునే వైపు భారతదేశపు విదేశీ విరాళాల చట్టం అన్నిటికన్నా కఠినమైన వాటిలో ఒకటి. 2010 నాటి ఆ చట్టాన్ని 2020లో సవరించాక, అనుమతి ఉన్న సంస్థ కూడా విదేశీ విరాళాన్ని న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే అందుకోవాలి, దానిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు, పాలనాపరమైన ఖర్చు 20 శాతం దాటరాదు. ఇందులో ప్రవాసులు గమనించవలసిన ఒక భేదం ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాస భారతీయుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వ్యక్తి ఇచ్చేది విదేశీ విరాళమే. ఈ ఇద్దరూ సభ్యులుగా ఉన్న సంఘం అందరి డబ్బునూ ఒకే ఖాతాలో కలిపి పంపితే ఆ భేదం చెరిగిపోతుంది, గ్రహీత సంస్థ చిక్కుల్లో పడుతుంది. వేర్వేరుగా నేరుగా పంపడం కొంచెం శ్రమే అయినా సురక్షితం.

సంఘం సంగతి

ప్రవాస బృందాల ప్రత్యేక బలహీనత, సభ్యులు నిలకడగా ఉండకపోవడం. ఉద్యోగం మారితే కోశాధికారి మూడు నెలల్లో వేరే దేశంలో ఉంటాడు, బ్యాంకు ఖాతా అతని పేరునే మిగిలిపోతుంది. అందువల్ల సొంత ఖాతా లేకుండానే, దాతలు గ్రహీత సంస్థకు నేరుగా చెల్లించేలా, బృందం ప్రచారం మాత్రమే చేసేలా ఏర్పాటు చేసుకోవడం చాలా సందర్భాల్లో తెలివైన పని. కార్యక్రమం ఖర్చులకు ఖాతా తప్పనిసరి అయితే ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే కంపెనీ ఉద్యోగులు కాకూడదు. అనుకున్న పనికి మించి డబ్బు వస్తే మిగులు ఎక్కడికి వెళ్తుందో, అనుకున్నంత రాకపోతే పని ఎలా కుదించుకోవాలో, సంఘం మూతపడితే నిల్వ ఎవరికి చెందుతుందో, ఈ మూడింటినీ కరపత్రం అచ్చుకు వెళ్లేలోగా తీర్మానంగా రాసుకుని, దాని ప్రతిని గ్రహీత సంస్థకు కూడా పంపి, వారి అంగీకారాన్ని రాతలో తీసుకోవాలి.